దోన దగ్గర కంపు

జీపు ఆగీ ఆగకముందే ప్రసాదరావు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అయినా కంపు గొంతులోకి దిగింది.

ఆయన మదనపల్లెలో ప్లీడరు. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు అమ్మేసిన జీపుంది, లైసెన్సు తుపాకి ఉంది. ఆదివారం జడ్జిగారికి విందు. జింక మాంసం పెడతానని మాటిచ్చేశాడు. నిమ్మనపల్లె కొండల్లో వేసవికి ఎండని రాతి నీటిగుంట, దోన, ఇదొక్కటే. వేటగాళ్లు కొట్టగా మిగిలిన ఎనిమిది జింకలూ నీళ్లకు ఇక్కడికి రావాల్సిందే.

దారికి అడ్డంగా వేపమండల తాడు. ఊళ్లో గొడ్ల రోగమొస్తే కట్టే తాడు. దాని కింద గంగులమ్మ అనే ముసలామె కూర్చునుంది.

"ముందుకు రావాకు సామీ! ముసర జబ్బు. పద్నాలుగు గొడ్లు పడిపోయినాయి."

"పూడ్చి చావకూడదూ!"

"పూడ్సేదానికి మొగోళ్లు యాడుండారు? అందురూ రోడ్డు పనికి పోయిండారు."

తాడు దాటి నాలుగడుగులు వేశాడు. దోన గట్టున కంపకొమ్మల కింద ఏదో కుప్ప. పైన నల్లగా ఈగలు. పచ్చి తోలు పీలికలు, కొమ్ములు, జిగురుగా కారుతున్న రసి. మనుషులేనా వీళ్లు? తాగే నీళ్ల పక్కనే!

"మరి జింకలో?"

"అవీ ఈ నీళ్లే తాగతాండాయి. నిన్న ఒగదాని నోట్లో సొంగ కారతా ఉణ్ణింది. కావాలంటే కొట్టుకోని పో. పోయినేడు కడుపుతో ఉండేదాన్నే ఇడిసిపెట్టలేదు గదా నువ్వు."

చివరి మాట ఆయన చెవిన పడలేదు. బండరాయి పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు.

గంగులమ్మ లేచొచ్చి, ముంతలో నీళ్లు ఆయన దోసిట్లో పోసింది.

"పుక్కిలించప్పా. ఇంటికాడ నీళ్లే, బయపడాకు."

ప్రసాదరావు పుక్కిలించి ఉమ్మేశాడు. ఆమె ముఖం కూడా చూడకుండా జీపెక్కాడు. జడ్జిగారికి ఇక కోడే గతి.

"ఛీ, పశువులకంటే కనాకష్టం! క్లబ్బులో అందరికీ చెప్తానుండు. ఈ దిక్కుకు ఇంకొకడు వస్తే అడుగు!"

"సెప్పు సామీ. మరిసిపోకుండా సెప్పు."

జీపు మలుపు తిరగ్గానే, ఆ ఏడాది ఒక్క గొడ్డు కూడా చావని ఆ ఊరి ఆడవాళ్లు ముక్కులు మూసుకుంటూ పొదల చాటు నుంచి వచ్చి, పుంగనూరు తోళ్ల షెడ్డు నుంచి తెచ్చుకున్న కుళ్లును ఇంకో తుపాకి వచ్చేదాకా గోతిలో దాచిపెట్టడానికి తట్టలకెత్తసాగారు.