సుత్తి తీశాడు

కొత్త కోడలు మామగారి చొక్కా ఇస్త్రీ చేస్తూ, పక్కన ఫోనులో కొరియా వాళ్ల పగా ప్రతీకారాల సినిమా చూస్తోంది. తెరంతా నెత్తురే. అత్తగారు రాగానే గబుక్కున ఫోను బోర్లించింది. చీమనైనా తొక్కని మనిషి, తన గురించి ఏమనుకుంటారో!

"దాస్తావేంటే? తలుపు చాటున నిలబడి చూసి చూసి కాళ్లు పీకుతున్నాయి. వాడు దొరికాడా?"

"మీకిలాంటివి నచ్చుతాయా అత్తయ్యా?"

"పెళ్లయినప్పట్నుంచీ అన్నీ దిగమింగినదాన్ని. నాక్కాక ఇంకెవరికి నచ్చుతాయే?"

కోడలు నవ్వి, ఇస్త్రీపెట్టె ఆపేసి, అత్తగారికి కుర్చీ లాగింది.

"ఏమేవ్! నా చొక్కా ఏదీ? చెవుడా?" అరుస్తూ వచ్చారు మామగారు.

"ఆగండి. సుత్తి తీశాడు," అన్నారు అత్తగారు తల తిప్పకుండా.

మామగారు తెర వంక చూశారు. తర్వాత భార్య ముఖంలోని చిరునవ్వు వంక చూశారు. సగం నలిగిన చొక్కానే తొడుక్కుని వీధిలోకి జారుకున్నారు.