ఆఫింగ్‌లో ఓడ

“ఈ బల్ల అంచు ఒడ్డనుకో.” తండ్రి ఉప్పు డబ్బాను ఇవతలి అంచుకు, పంచదార డబ్బాను అవతలి అంచుకు జరిపాడు. “ఉప్పు డబ్బా రేవులో లంగరేసిన పడవ. దాన్ని దాటి, చూపు ఆనేంత దూరం ఉన్న సముద్రమంతా ఆఫింగ్. పంచదార డబ్బా ఆఫింగ్‌లో ఉన్న ఓడ. తెలిసిందా?”

“తెలిసింది నాన్నా. మా ఆఫీసులో ఒకాయనకి చెప్పాలిది. త్వరలో రాబోతోందనే అర్థంలో ‘కొత్త వంతెన ఆఫింగ్‌లో ఉంది’ అని ఇంగ్లిష్ వార్త వస్తే, ‘కొత్త వంతెన నడిసముద్రంలో ఉంది’ అని రాసి పారేశాడు!”

తండ్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉద్యోగమంతా ఓడలను రేవులోకి తెచ్చే పైలట్‌గా చేసిన మనిషి. సముద్రం మాటెత్తితే చాలు, హుషారొచ్చేస్తుంది. అందుకే కూతురు ఈ మాటతో మొదలుపెట్టింది.

పత్రికలో అనువాదాలు చేసే ఆమెకు ఆ మాట అర్థం తెలియక కాదు. అసలు చెప్పాల్సింది వేరే ఉంది. తమ పత్రిక ఫొటోగ్రాఫరూ తనూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. “ఇవాళ కూడా చెప్పలేదో, నేనే వచ్చి మీ గుమ్మంలో బైఠాయిస్తా” అని అతగాడు బెదిరించాడు.

తండ్రి కాదంటాడన్న భయం లేదు. అమ్మ పోయాక ఆయనకు ఉన్నది తనొక్కతే. తనూ వెళ్లిపోతే ఆయన ఎవరితో నవ్వుతాడు? ఈమధ్య సాయంత్రమైతే ఇంట్లో కాలు నిలవడం లేదు. మీసం కత్తిరించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షికారుకు పోతున్నాడు. దిగులు తనకు కనబడకుండా పాపం ఎన్ని తంటాలు పడుతున్నాడోనని ఆమె ప్రాణం ఉసూరుమనేది.

“అది సరే నాన్నా, దూరపు సముద్రానికీ, త్వరలో జరగబోతోందని చెప్పడానికీ ఏంటి సంబంధం?”

“పిచ్చిదానా! ఓడ ఆఫింగ్‌లో కనబడిందంటే వచ్చేసినట్టే. పోటు కోసమో, నాలాంటి పైలట్ కోసమో ఆగుతుంది, అంతే. ఒడ్డు మీద వాళ్లకి మాత్రం గుండె దడ. ఎలా చెప్పాలి, ఎవరేమంటారు...” అని ఠక్కున ఆగి టీ గుక్కెడు తాగాడు. “అదే, ఏం సరుకొచ్చిందో, ఎవరు దిగుతారో అని.”

ఇంతకంటే మంచి అదను దొరకదు. ఆమె గొంతు సవరించుకుంది.

“వాక్యంలో వాడి చూపించనా?”

“కానీ.”

“మనింట్లో పెళ్లి ఆఫింగ్‌లో ఉంది.”

తండ్రి కప్పు కింద పెట్టేశాడు. మొహం చెవుల దాకా ఎర్రబడింది. లేచి కిటికీ దాకా వెళ్లాడు, అక్కడేమీ తోచక మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

“కోపమొచ్చిందా నాన్నా? నిన్ను ఒంటరిగా వదిలేస్తాననుకోకు. రోజూ వచ్చి...”

ఆ మాటలేవీ ఆయన చెవికెక్కినట్టు లేదు. తల దించుకుని, చొక్కా గుండీ తిప్పుకుంటూ మెల్లిగా అడిగాడు.

“ఆవిడ నీకు అప్పుడే చెప్పేసిందా?”