నిండితేనే కదిలే బండి

ఇరుకులో నలగకుండా దర్జాగా పోవాలని వసీలా ఆ షేర్ టాక్సీని తన ఒక్కదానికే మాట్లాడుకుంది. తెల్లారితే జెర్బా ద్వీపంలో అక్కకి పెళ్ళి గోరింటాకు పెడతారు. గాబెస్ ఊరి టాక్సీ స్టాండులో చీకటి పడ్డాక కిటికీ పక్కన కూర్చుని, సముద్రం ఎప్పుడు దాటుతామా అని చిన్నపిల్లలా ఉబలాటపడుతోంది. డ్రైవరు హమ్మాదీ మాత్రం తలుపు తెరిచిపెట్టి నిలబడ్డాడు.

"ఇంకా దేనికి ఆగావన్నా? బండంతా నాదేగా!"

"నిండని బండి ఎన్నడూ తియ్యలేదు చెల్లెమ్మా. చేతులు రావు."

"నేను లావుగానే ఉన్నాలే, నిండిందనుకో!" అని పకపకా నవ్విందామె.

కాసేపటికి అతను వెనక సీట్లకేసి చూసి తలుపు వేశాడు. "నిండింది. పోదాం."

వేళాకోళమనుకుంది. దారిపొడవునా పెళ్ళి కబుర్లే చెప్పింది. ఒక్క మనిషి ఎక్కిన బండి, గతుకు వచ్చినప్పుడల్లా నేలకు గీసుకుంటూనే ఉంది.

జోర్ఫ్ రేవులో బండి, ద్వీపానికి దాటించే పంటు ఎక్కగానే ద్వీపం దీపాలు కనిపించాయి. వసీలా గబగబా దిగి కమ్మీ దగ్గరికి పరుగెత్తింది. వెనక బండి, ఒక్కొక్కరే దిగుతున్నట్టు కిర్రుమంటూ పైకి లేచింది. చుట్టూ ఎవరూ లేరు.

అవతలి ఒడ్డు వచ్చింది. ఆమె ఎక్కి కూర్చున్నాక బండి మళ్ళీ కొంచెం కొంచెంగా కుంగింది. హమ్మాదీ మాత్రం తాళం తిప్పలేదు.

"పోనీ అన్నా, అక్క ఎదురుచూస్తుంటుంది!"

"ఇంకొకరు రావాలి."

అద్దంలో అతని ముఖాన నవ్వు లేదు. పంటు ఇనప పలకల మీద తడిచెప్పుల చప్పుడు నెమ్మదిగా దగ్గరై, ఆమె తలుపు దగ్గర ఆగింది.

బండంతా తనకే మాట్లాడుకున్న వసీలా, తనకు తెలియకుండానే పక్కకి జరిగి చోటిచ్చింది.