అరువు తెచ్చిన మాడ్యూల్

"ఏమ్మా, నేను టీవీ చూడటం తగ్గించాలా?" అంటూ లెక్కల మాస్టారు కంప్యూటర్ గదిలోకి వచ్చాడు. చేతిలో చింపిన కవరు ఉంది. "ఈ సంగతి నీకెవరు చెప్పారు, మా ఆవిడేనా?"

కంప్యూటర్ టీచర్ ఆ కాగితం అందుకుంది. అది ఆయన వార్షిక నివేదిక. పైన బడి పేరు, పక్కన ముద్ర, చుట్టూ అంచు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. కింద మాత్రం ఇలా ఉంది: 'నోటు పుస్తకాల పని పూర్తి చేయలేదు. ఇంట్లో టీవీ చూడటం తగ్గించాలి. లెక్కల్లో బాగా వెనకబడ్డాడు.'

"లెక్కల్లో వెనకబడ్డానట," అన్నాడు మాస్టారు. "ఆ అనుమానం నాకూ ఇరవై రెండేళ్ళుగా ఉంది. కానీ ఇలా కవర్లో పెట్టి చేతికివ్వడం బాగాలేదమ్మా."

ఆమె పొద్దున స్టాఫ్‌కి అలాంటి కవర్లు ముప్ఫై ఒకటి పంచింది. ఒకటి హెడ్మాస్టరుది. ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం మీద ఆయన సంతకం పెట్టాల్సింది ఈ రోజే.

"మాడ్యూల్ కలిపాను మాస్టారూ."

"అర్థమయ్యే మాట చెప్పు."

"పిల్లల ప్రోగ్రెస్ కార్డుల కోసం నిరుడు ఒక మాడ్యూల్, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. పేజీ అందంగా అచ్చువేసే పని అందులో ఉంది. స్టాఫ్ కోసం మళ్ళీ రాయడం దేనికని, దాన్నే ఇక్కడా వాడుకోమని ఒక్క లైను రాశాను. ఒక్క లైనే."

"ఒక్క లైనుకే ఇంత పరువు తీసిందా?"

"మాడ్యూల్‌ని పిలిస్తే అందులో ఉన్నవన్నీ వస్తాయి. నాకు కావలసింది అచ్చు. వ్యాఖ్యలు రాసేది కూడా వెంట వచ్చింది. మీకు మార్కులు లేవు కదా, సున్నా అనుకుంది."

మాస్టారు కాగితం వెనక్కి తీసుకున్నాడు. "అంటే, పక్కింట్లోంచి నిచ్చెన అరువు తెస్తే, దాని మీద పడుకున్న పిల్లి కూడా వచ్చిందన్నమాట."

"అంతే మాస్టారూ."

ఈలోగా గుమ్మంలో ఇంకో ఇద్దరు తేలారు. డ్రిల్లు మాస్టారు ఈల మెడలో వేసుకునే వచ్చాడు. ఆయన కాగితంలో 'ఆటలంటే ఆసక్తి లేదు' అని ఉంది. ఆయన వెనక తెలుగు పండితుడు. 'మాతృభాషలో కనీస మార్కులు రాలేదు' అన్న వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసుకుని వచ్చాడు.

"ఇందులో తప్పులు వెతికానమ్మా," అన్నాడు పండితుడు. "ఒక్కటి కూడా దొరకలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది."

ఇంతలో అటెండరు తొంగిచూశాడు. "హెడ్మాస్టరుగారు రమ్మంటున్నారు. కవరు చింపి అరగంటయింది. అప్పట్నుంచి నీళ్ళు కూడా తాగలేదు."

లెక్కల మాస్టారు తోడు వెళ్ళాడు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండాలని ఆయన నమ్మకం.

హెడ్మాస్టరు తన కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టుకున్నాడు. ఆమెను చూడకుండానే చదివాడు.

"'ఈ ఏడాది పద్నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. రాత్రిళ్ళు తొందరగా పడుకోవాలి. పెద్దలు చెప్పిన మాట వినడం నేర్చుకోవాలి.' వచ్చాడట. కనీసం వచ్చారు అని కూడా లేదు."

"పిల్లల కోసం రాసింది సార్ అది."

"నా వయసు యాభై ఆరు."

"పద్నాలుగు రోజులు మాత్రం నిజమే సార్," అన్నాడు లెక్కల మాస్టారు, పరిస్థితిని చక్కదిద్దుదామనుకుని. "గేటు దగ్గర హాజరు మెషీన్ చెప్పింది కదా."

హెడ్మాస్టరు తలెత్తి చూశాడు. ఆ చూపుకి మాస్టారు గోడ మీది టైం టేబుల్ చదవడం మొదలుపెట్టాడు.

"ఆ ఒక్క లైను తీసేస్తే సరిపోతుంది సార్," అంది ఆమె. "పది నిమిషాల పని."

"ఒక్క మనిషిని తీసేస్తే ఇంకా బాగా సరిపోతుంది. అది రెండు నిమిషాల పని." ఆయన సొరుగులోంచి తెల్ల కాగితం తీశాడు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"తప్పు నాదే సార్. కావాలని చేసింది కాదు."

"కావాలని చేసినా, కాలుజారి చేసినా పడేది ఒకే గోతిలో." ఆయన పెన్ను మూత తీశాడు. తారీకు వేశాడు. ఆమె పేరు రాయడం మొదలుపెట్టాడు.

తలుపు తోసుకుని ఎవరో లోపలికి వచ్చారు. ఎనభై దాటిన పెద్దావిడ. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫోను. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. హెడ్మాస్టరు పెన్ను పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వెందుకొచ్చావు?"

"నువ్వు మాట్లాడకు," అంది పెద్దావిడ. "కంప్యూటర్ టీచరమ్మ ఎవరు?"

"నేనేనండీ."

పెద్దావిడ ఫోను ఆమె కళ్ళ ముందు పెట్టింది. 'మీ పిల్లవాడి ప్రవర్తన గురించి మాట్లాడాలి. వెంటనే బడికి రండి. ఇట్లు, కంప్యూటర్ టీచర్.' ఆలస్యాలు పది దాటితే ఇంటికి కబురు పంపే పని కూడా ఆ మాడ్యూల్లోనే ఉందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. హెడ్మాస్టరు తను చేరిన రోజు, ఫారంలో ఇంటి నంబరు అడిగితే వాళ్ళమ్మ నంబరు రాసిచ్చినట్టున్నాడు.

పెద్దావిడ కర్ర గోడకి ఆనించి, రెండు చేతులూ జోడించింది.

"చిన్నప్పట్నుంచీ వాడింతే తల్లీ, ఎవరి మాటా వినడు. దారిలో పెట్టే పూచీ నాది, ఈ ఒక్కసారికి వాణ్ణి బడిలోంచి తీసెయ్యకు."