మిగతాది బాబాయికి తెలుసు

“కాగితాలన్నీ కంప్యూటర్లోని మన ఆఫీసు వికీలోకి ఎక్కించాక మిమ్మల్ని గోడౌన్‌కి మారుస్తానన్నానని ఇంత కుట్రా బాబాయ్?” ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే పాత గుమాస్తా మీద మేనేజరు అరిచాడు. “ప్రతి పేజీ చివరా ‘మిగతాది బాబాయిని అడగండి’ అని రాసేస్తారా?”

“ఒట్టు, నేను రాయలేదు! అంతా ఎక్కించేశాను. మిగిలింది నేనొక్కణ్ణే!”

“పేజీ చరిత్ర తీస్తే మీ చరిత్ర బయటపడుతుంది!” మేనేజరు ఎవరేం రాశారో చూపించే బటన్ నొక్కాడు.

ఒక పేజీలో అకౌంటెంటు పేరు. ఇంకోదాంట్లో రిసెప్షనిస్టుది. ఆఫీసంతా కంప్యూటర్లలో తలలు దూర్చేసింది.

“వికీ అన్నీ చెబుతుంది గానీ, బాబాయిలా నవ్వించదు సార్,” గొణిగింది రిసెప్షనిస్టు.

“ముందు ఈ లైనుని అన్ని పేజీల్లోంచీ ఒకేసారి చెరిపేదెలాగో చెప్పండి!”

“బాబాయిని అడగండి,” అన్నారు అందరూ.

బాబాయి కళ్లజోడు తుడుచుకుని ముందుకొచ్చాడు. మేనేజరుకి నవ్వాగలేదు.

“వద్దులెండి. ఆ లైనూ ఉండనివ్వండి, మీరూ ఉండండి.”