లోపలి ప్రమేయం

"మళ్లీ అదే తప్పు," అన్నాడు లెక్కల సారు లక్ష్మీనరసింహ.

"సైన్ కాస్తా కొసైన్ అయింది, మంచిదే. లోపల ఎక్స్ స్క్వేర్ అని ఇంకో ప్రమేయం ఉన్నది గదా, దాన్ని ఎవడు అవకలిస్తడు? రెండు ఎక్స్‌తోని గుణించాలె. గొలుసు సూత్రం అంటే గంతే సామ్యేల్."

సామ్యేల్ తల దించుకున్నాడు. గోదావరిఖనిలో ఇంటర్ లెక్కలు ఓపికగా చెప్పేది ఆయనొక్కడే. ఆ ఓపికా ఇవాళ అయిపోవచ్చింది.

అరుగు మీద అన్న యేసుదానం నవ్వాడు. బొగ్గు బాయిలో మొదటి షిఫ్టు దిగి, తమ్ముడి కోసం బొగ్గు ముఖంతోనే వచ్చి కూర్చున్నాడు. ఇద్దరికీ ఏడాదే తేడా. బజార్లో ఎవరైనా "సామ్యేల్" అని కేకేస్తే అన్నదమ్ములిద్దరూ వెనక్కి తిరిగేవారు.

"పైనోనికి హాజరేసి, బాయి లోపలోన్ని మర్సిపోతె ఎట్ల తమ్మీ?" అన్నాడు యేసుదానం. "నువ్వు ఆఫీసరైననాడు నేను బాయి దిగుడు బంద్. జల్ది నేర్సుకో."

ఆ మాట సామ్యేల్‌కు బాగా పట్టింది. పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. ఈసారి లోపలిదాన్ని వదల్లేదు. ఫస్టు క్లాసు వచ్చింది, మైనింగ్ డిప్లొమాలో సీటూ వచ్చింది.

చేరాల్సిన వారంలోనే గనిలో పైకప్పు కూలి యేసుదానం చనిపోయాడు.

ఇంట్లో మిగిలిన మగవాడికి పని ఇస్తామన్నారు కంపెనీవాళ్లు. సామ్యేల్‌తో పాటు సారు కూడా ఆఫీసుకు వచ్చాడు. ఇంత చదివినవాణ్ణి గనిలోకి దించుతారా, పైన గుమాస్తా పనైనా ఇవ్వరా అని ఆయన ధైర్యం.

"ఏమన్న సదువుకున్నడా?" అడిగాడు క్లర్కు.

సారు నోరు తెరిచేలోపే తల్లి సారవ్వ అడ్డం వచ్చింది.

"లేదు సారూ. బడికే పోలె. ఏలిముద్రనే."

"అదేంది సారవ్వా..." అన్నాడు సారు. ఆమె ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

సామ్యేల్ ముందుకు వచ్చాడు. బొటనవేలు సిరాలో ముంచి, చూపించిన చోట ఒత్తాడు. బొగ్గు నింపే పని ఇచ్చారు. రేపు మొదటి షిఫ్టు.

ఏడాది కిందట గనిలో పనికి పిలుపొచ్చింది సామ్యేల్‌కే, "నువ్వు సదువుకో తమ్మీ" అని ఆ పేరుతో దిగింది అన్న, అందుకే కంపెనీ లెక్కలో చచ్చిపోయింది సామ్యేల్, బతికి మిగిలింది బడి మొహం చూడని యేసుదానం.