ఖాళీగా పోని పడవ

“దిగమ్మా బయ్యమ్మా! పంచాయితీవోళ్ళు పడవ అమ్మేసినారు. ఇంక ప్యాసింజర్లను ఎక్కించేది లేదు” అని కసిరాడు నరసింహులు.

బయ్యమ్మ వింటేనా! కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, ముసలి కాళ్ళతోనే ఎక్కి, ఇనుప బల్ల మీద దర్జాగా కూర్చుంది. చెరువు అవతలి గట్టున కుప్పం నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారి వరదరాజులు లారీ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పడవను అక్కడికి చేర్చేస్తే నరసింహులు పని అయిపోయినట్టే.

“ఈ పొద్దు శాంతిపురంలో సంత గూడా లేదే. యాడికి నువ్వు?”

“ఊరికేనప్పా. గాలికి.”

“మొన్న గురుమూర్తన్న గూడా గాలికే అనె.” నరసింహులుకు నవ్వొచ్చింది. కోపం ఎక్కువసేపు నిలిచే మనిషి కాదు. బస్సు కండక్టరులా “రైట్ రైట్!” అని అరిచి తెడ్డు వేశాడు.

“సూస్తివా బయ్యమ్మా, కట్ట మీద రోడ్డు పడి ఆటోలు వచ్చినా గూడా నా పడవ ఒక్క ట్రిప్పు ఖాళీగా పోలా. తొంభై ఆరులో పూలదండేసి నీళ్ళలోకి దించినప్పటి నుంచీ అంతే. పెండ్లికూతుర్లను దాటించినా, టమాటా గంపలు దాటించినా, ఈనబోయే ఆవును గూడా దాటించినా. జనానికి దీనిమింద అంత ప్రేమ!”

“అవునవును” అంది బయ్యమ్మ.

చెరువు నడిమికి వచ్చేసరికి తుప్పు పట్టిన అడుగు రేకు పుటుక్కుమంది. నీళ్ళు బుగ్గలా ఎగదన్నాయి. నరసింహులు తెడ్డు పడవలోనే పడేసి, బల్ల పైకెక్కి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు.

“అమ్మా! సస్తిమి! నాకు ఈత రాదమ్మా! పనిచ్చేటప్పుడు ఎవురూ అడగలా, నేనూ సెప్పలా!”

బయ్యమ్మ అతని భుజం మీది తువ్వాలు లాగి, చిల్లులో కుక్కి, దాని మీద మడమ గట్టిగా ఆనించింది. “ఏం గాదు. తెడ్డు తీసుకో” అంది.

పడవ గట్టుకు తగలగానే నరసింహులు ఒక్క దూకు దూకి నేల మీద పడ్డాడు.

“అడుగు రేకు బాగుండాదంటివి కదప్పా!” అని వరదరాజులు గొణుగుతూ గొలుసులు తెమ్మన్నాడు. నరసింహులు ఆ మాట వినిపించుకోలేదు. పడవను ఒకసారి ప్రేమగా తట్టాడు. దుఃఖం వచ్చింది, ప్రాణం నిలిచినందుకు సంతోషమూ వచ్చింది, బండారం బయటపడినందుకు సిగ్గూ వేసింది. బయ్యమ్మను పక్కకు పిలిచాడు.

“ఊర్లో ఎవురికీ సెప్పొద్దమ్మా. పరువు పోతాది.”

బయ్యమ్మ పకపకా నవ్వింది.

“ఊరందరికీ తెలుసులే నాయనా! పడవ దించిన పొద్దే, పూజారి మొగాన నీళ్ళు సల్లితే గజగజ వణికితివి కదా. నిన్ను ఒంటిగా నీళ్ళమీదికి పంపేదెట్లా అని, బావుల్లో ఈత నేర్చినోళ్ళమంతా ట్రిప్పుకొకరం ఎక్కుతా వస్తిమి. ఈ పొద్దు నా వంతు.”